పలక తప్పింది, ఆకు తప్పలేదు

కురిహారా ఇనే అనే నేను, డెబ్బై ఎనిమిదేళ్లదాన్ని, కావాగోయెలో కూతురు హిసానో ఇంట ఉండి, కొడుకు కెన్‌సాకుకు రాయించేది. నేను క్షేమం.

అమ్మకు చదువు రాదు, అంగడికి ఒంటరిగా పంపొద్దని నీ చెల్లెలికి రాశావట. విను. మగపిల్లల పండగకు ఆకు చుట్టిన మోచీలు, ఆ బియ్యప్పిండి ఉండలు కొనడానికి ఇవాళ ఈ మిఠాయి కొట్టుకి నేనొక్కదాన్నే వచ్చాను. మీ నాన్న పటం ముందు పెట్టడానికి మిసో పూర్ణానివి, అదే పులిసిన సోయా ముద్దవి, కావాలి. నేను చూపించినవి చూసి కొట్టులో పిల్ల ఫుకి నవ్వింది.

"అవి ఎర్ర అలసందల పూర్ణానివి మామ్మగారూ. పలక మీద రాసుంది కదా."

"పలక సంగతి నాకు తెలీదే అమ్మాయ్. ఆకు గరుకువైపు పైకుంటే మిసో. విప్పి చూడు."

విప్పింది. మిసోయే. రెండు పలకలూ తారుమారుగా ఉన్నాయి. పొద్దుటినుంచి చదువొచ్చినవాళ్లంతా ఒకటనుకుని ఇంకొకటి మోసుకుపోయారు. యజమాని బయటికొచ్చి నాకు వంగి దణ్ణం పెట్టాడు.

ఇక అంగడికి నేనే వెళతాను, తోడెవరూ అక్కర్లేదు. పట్టుపురుగులు గుడ్లలోంచి వచ్చాయా? తడి ఆకు వేయొద్దని కోడలికి చెప్పు. ఎండు ముల్లంగి పంపు. పిల్లలు చల్లగా ఉండాలి.

ఇనే వేలిముద్ర.

సాక్షులు: ఫుకి, కార్డు రాసిన మిఠాయి కొట్టు యజమాని మొరోఫుషి. పొరపాటున పలకలు తారుమారుగా పెట్టింది ఇది రాసిన నేనే.