బీపీ ఎవరికో తేలింది

శ్రీకరి నాయనకు,

అన్నం కుక్కర్లో ఉండాది. పప్పు వేడి చేసుకోండి. మీ పప్పులోనూ ఈరోజు ఉప్పు వేసినాను.

ఇరవై ఏళ్ళుగా "నాకు బీపీ తెప్పించొద్దే" అని మీరు అరిస్తే ఇంట్లో అందరం నోరు మూసుకున్నాము. మీకు విడిగా చప్పిడి కూర చేసిపెట్టి, నేను ఊరగాయతో కానిచ్చినాను. నిన్న మీ ఆఫీసు మెడికల్ క్యాంపులో చూస్తే మీది 120/80. నాది 180/110. శ్రీకరి కడుపులో ఉన్నప్పుడే నాకు బీపీ వచ్చిందని చెప్తే, "అప్పటినుంచి ఏటా చూపించుకోవాల్సింది కదమ్మా" అని డాక్టరమ్మ నన్ను కోప్పడింది. నా తలనొప్పుల సంగతి అడిగితే మీరు "ఆడోళ్ళకు మామూలే మేడమ్" అని నవ్వినారు. ఆ నవ్వు మర్చిపోను.

మీ బీపీ చీటీ జిరాక్స్ తీయించి ఫ్రిజ్జుకు అంటించినాను. చిత్తూరులో మీ అక్కకు ఫోటో పంపినాను. ఇకమీదట అరవాలనిపిస్తే ముందు అది చదువుకోండి.

గుండెకు, కిడ్నీలకు పరీక్షలు రాసినారు, ఆసుపత్రికి పోతా ఉండాను. సాయంత్రం వస్తాను.

మర్చిపోయినాను. రాత్రికి నాకు చప్పిడి కూర మీరే చేసి పెట్టండి. ఎట్ల చేయాల అని ఫోన్ చేయొద్దండి. నాకు బీపీ ఉండాది.