ఎర్రెద్దు కొమ్ము మందం

మామిడిపల్లి,
ఆదివారం.

మా మల్లేశన్నకు చెల్లెలు సుజాత దండం పెట్టి రాస్తున్నది. నువ్వు, వదిన, పాప చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. వదిన ఫోన్‌లో అన్నీ చెబుతూనే ఉంది కానీ, ఫోన్ నీకు వినపడదు. మెసేజ్ పెడితే ముందు వదినే చదువుతుంది. ఇది నువ్వొక్కడివే చదవాలని కాగితం మీద రాస్తున్నాను.

ఎండలు ముదిరాయి. మా గదికి పైన రేకులే. పొద్దంతా కిచెన్‌లో విమానాల్లోకి పోయే అన్నం డబ్బాలు సర్దుతాను. అక్కడ మాత్రం చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. ఎవరెక్కడికి ఎగిరిపోతున్నారో తెలియదు, వాళ్ల చెంచాలకు కాగితం మాత్రం నేనే చుడతాను. రెండు పూటలా మెస్సు తిండే. జొన్నరొట్టె తిని ఎన్నాళ్లయిందో. ఇటు ఎవరైనా వస్తుంటే వదిన కాస్త నువ్వుల కారం పంపితే బాగుండు. నా గురించి పరేషాన్ కావద్దు, బాగానే ఉన్నాను.

శనివారం సాయంత్రాలు ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఒక రెస్టారెంటులో గిటారు వాయిస్తున్నానని చెప్పాను కదా. మొదటి వారం తీగలు మీటడానికి నువ్వు చేసిచ్చిన పిక్‌తోనే వాయించాను. మన ఎర్రెద్దు చచ్చిపోయినప్పుడు దాని కొమ్ము కొన కోసి, ఆకురాయితో అరగదీసి, రెండు రూపాయి బిళ్లలు కలిపినంత మందంగా చేశావు. దుకాణంలో దొరికేవి ఇందులో సగం కూడా ఉండవు, ఇది గిటారు మీటడానికా గడ్డి కోయడానికా అని నేను నవ్వాను. కానీ ఆ పిక్ తీగ మీద వంగేది కాదు, తీగే జరిగి దారి ఇవ్వాలి. లావు తీగ మీటితే గిటారు పొట్టంతా అదిరి, మోత మన వాకిలి దాటేది.

రెస్టారెంటు ఓనరుకు అదే నచ్చలేదు. "గిట్ల మోగితే గిరాకీలు మాట్లాడుకునుడెట్ల బిడ్డా? జర పల్చగ వాయించు" అన్నాడు. ఆయన అన్నది తప్పేం కాదు. పల్చటి పిక్ తీగకు తగలగానే తానే వంగిపోతుంది. అప్పుడు టిక్కుమనే చప్పుడు, సన్న తీగల మెరుపు వినిపిస్తాయి కానీ లావు తీగల గొంతు పైకి రాదు. ఎవరి కబుర్లకూ అడ్డం రాదు. దుకాణంలో ఒకటి కొనుక్కుంటే సరిపోయేది. నాకేమో నీ పిక్ వదలబుద్ధి కాలేదు. గరుకు కాగితం తెచ్చి దాన్నే రెండు రోజులు రుద్దాను. వెలుతురుకు పెడితే అవతల వేలు కనిపించేంత పల్చగా చేశాను. నీ పనికి నేనింకా మెరుగు పెట్టాననుకున్నాను.

పోయిన నెల ఇంటికి వచ్చినప్పుడు ఆ పిక్‌తోనే వాయించాను. నేర్చుకున్న కొత్త ధ్వని నీకు చూపాలని ఎంత ఉబలాటమో. బోరు బండి మీద పదేళ్లు పనిచేసి చెవులు పోగొట్టుకున్నప్పటి నుంచి నువ్వు గిటారు చెక్క మీద అరచేయి పెట్టి వింటావు. ఆ రోజూ పెట్టావు. కాసేపటికి చేయి కిందికి జరిపావు. మళ్లీ పక్కకు జరిపావు. చివరికి నా మొహం చూసి, తల ఊపి, "మంచిగున్నది చెల్లె" అన్నావు. నేను సంబరపడ్డాను.

పోయిన ఆదివారం మధ్యాహ్నం గదిలో వాయిస్తుంటే నెత్తి మీదుగా విమానం దిగింది. ఇక్కడ అది ఎప్పుడూ ఉండేదే. కిటికీ తలుపులు గడగడలాడాయి. నా చేయి ఆడుతూనే ఉంది, గిటారు మాత్రం వినపడలేదు. గుండెలకు అదుముకుని చూశాను. చెక్కలో చిన్న వణుకు కూడా తెలియలేదు. విమానం వెళ్లిపోయేదాకా అట్లాగే మీటుతూ కూర్చున్నాను. నువ్వు ఆ రోజు చేయి ఎందుకు జరిపావో అప్పుడు తెలిసింది. నీకేమీ అందలేదు. ఎక్కడైనా ఉందేమోనని వెతుక్కున్నావు. ఆ పిక్ అంత మందంగా చేసుకున్నది నీ అరచేతి కోసమే కదా అన్నా. నోరు తెరిచి చెప్పలేక చేసి ఇచ్చావు. నేను ఆ మందమంతా పొడి పొడిగా రుద్ది, ఆ పొడిని ఊడ్చి పారేశాను.

బాగానే ఉన్నానని రెండుసార్లు రాశాను. నేను బాగా లేను. వచ్చే నెల నుంచి రెస్టారెంటులో పాటలు స్పీకర్లోనే పెడతారట. "నీ తప్పేం లేదు బిడ్డా, ఎవ్వలు వింటలేరు" అన్నాడు ఓనరు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. డబ్బాలు సర్దడానికే అయితే ఇంత దూరం రానక్కరలేదు. ఏడుపు వస్తే కిచెన్‌లో ముక్కు కారుతోందని చెబుతున్నాను, చలి కాబట్టి అందరూ నమ్ముతారు.

నిన్న దుకాణంలో అన్నిటికన్నా మందమైన పిక్ కొన్నాను. లావు తీగ గొంతు కొంత తిరిగి వచ్చింది. ఎర్రెద్దు కొమ్ముకు వచ్చినంత రాలేదు. ఇంకొకటి చేయమని అడుగుదామంటే దాని రెండో కొమ్ము ఎప్పుడో విరిగిపోయింది, ఉన్నదాంట్లో కొన తప్ప మిగతాదంతా బోలే. నీ వినికిడి ఇంకా తగ్గిందని దవాఖానలో అన్నారట, వదిన చెప్పింది. ఈ కొత్త పిక్ నీ అరచేతికి చాలుతుందో లేదోనని భయంగా ఉంది.

పెద్దమ్మకు నా దండాలు చెప్పు. పాపను ఎత్తుకుని నా పేరు చెప్పి ఒక ముద్దు పెట్టు. సెలవు దొరకగానే వస్తాను. నన్ను తిట్టకుండా దీవించు. నేను వాయించేటప్పుడు చేయి పెట్టు. అందకపోతే అందలేదని చెప్పు అన్నా. తల మాత్రం ఊపకు.

నీ దీవెన కోరే చెల్లెలు,
సుజాత