తెల్ల కుచ్చుల పురుగులు

ఆళ్లగడ్డ,
ఆదివారం, ఆరాధన నుంచి వచ్చాక.

అమ్మకు ప్రభువు పేరిట తిమోతి వందనాలు. ఇక్కడ నేను, నాయన, ఫెబా ముగ్గురం ఒంట్లో బాగానే ఉన్నాం. డోన్‌లో నువ్వు సాయానికి వెళ్లిన చిన్నమ్మ కాలి కట్టు విప్పారని రాశావు, సంతోషం. ఫోన్లో నేను కోపమొచ్చి సగంలో పెట్టేస్తానని, ఏదున్నా కాగితం మీద రాయమన్నావు. రాస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవి చెప్తాను. బర్రె ఈనింది, పెయ్యదూడ. నాయన బీపీ మాత్రలు వేసుకుంటున్నాడు, నేను ఎదురుగా నిలబడితేనే. జామచెట్లకు పట్టిన తెల్లపిండి పోయిందా అన్నావు. పోలేదు. ఈ ఉత్తరమంతా ఆ సంగతే.

అది పిండి కాదమ్మా, పిండినల్లి అనే పురుగు. వ్యవసాయ ఆఫీసులో ఏరి తెచ్చుకున్న నా కరపత్రాల కట్టలో దాని గురించే మూడున్నాయి. చెట్టు రసం పీల్చి, ఆ తీపిని ఒంట్లో కొవ్వుగా, మైనంగా మార్చుకుంటుంది. ఒంటి మీది సన్న రంధ్రాల్లోంచి ఆ మైనం పొడిలా, దారాల్లా బయటికొస్తుంది. ఎదిగే కొద్దీ పాత తోలు విడుస్తుంది, తోలుతో పాటు మైనమూ ఊడిపోతుంది. కొత్త మైనం పట్టేదాకా ఒళ్లు బోసిగా ఉంటుంది. మైనం మీద మందు చుక్క నిలవదు, జారిపోతుంది. కాబట్టి పిల్లపురుగులు తోలు విడిచే రోజులు చూసి వేపనూనె, సబ్బునీళ్లు కొడదామని నాయనకు నెల నుంచి చెప్తున్నాను.

"పురుగు గుడ్డలిప్పేదాకా కాచుకోని కూచోవాల్నా? నీ కాగితాలు పొయ్యిలోకి పనికొస్తాయి పో" అన్నాడు.

అదే నాయన, నిన్న కాక అంతకుముందు శనివారం ఫెబా నంద్యాల కాలేజీ నుంచి ఒక అట్టపెట్టెతో దిగితే ఏమన్నాడో విను.

"నాయనా, ఇవి అక్షింత పురుగు పిల్లలు. పిండినల్లిని తింటాయి. రెండు చెట్ల మీద వదిలి, వారం వారం ఎన్నుండాయో రాసుకోవాల. మా ప్రాజెక్టు" అంది.

"వదులు తల్లీ. సదువుకున్నదానివి, నీకు తెలీదా?"

అంతే. నేను నెలరోజులు చెప్పింది గాలికిపోయింది, అది నిమిషం చెప్పింది దేవుని వాక్యమైంది. పక్కతోట భాస్కరయ్యన్న గట్టు మీద నిలబడి, "ఏం తిమోతీ, చెల్లెలు సదువు మోసుకొస్తాంటే నువ్వింకా కాగితాలు ఏరుకుంటాండావా?" అన్నాడు. నాయన నవ్వాడు. భాస్కరయ్యన్న నవ్వితే నాకేం? నాయన నవ్వాడమ్మా.

ఇంటర్లో నేను ఆగిపోయినప్పుడు, "సేనికాడ ఒకడుండాల కదప్పా" అన్నావు నువ్వు. ఫెబా విషయంలో ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు.

మంగళవారం, ఫెబా వాటిని వదిలిన రెండు చెట్లలో కాలవ పక్కది చూశాను. తెల్ల కుచ్చులు వేలాడుతూ పురుగులు, మామూలు పిండినల్లికి మూడింతలున్నాయి. ఫెబా తెచ్చినవాటిని రోషంతో నేను తొంగైనా చూడలేదు కదా, అవి పనిచేయలేదు, పిండినల్లే ఇంకా బలిసిందనుకున్నాను. నిజం చెప్తున్నా, సంతోషమేసింది. గోనెపట్ట తీసుకుని ఒక్కటి మిగలకుండా నలిపేశాను.

సాయంత్రం ఆ అట్టపెట్టె అడుగున చీటీ దొరికింది. "అన్నా, ఈ పిల్లలు కూడా పిండినల్లి మాదిరే మైనం కప్పుకుంటాయి. తోలు విడిచినప్పుడల్లా పోతాది, మళ్లా వస్తాది. ఇవి పెద్దగుంటాయి, బిరబిరా నడుస్తాయి. చంపొద్దు. నాయనకు చెప్పినా అర్థం కాదు, నువ్వే చూసుకో."

ఇంతవరకూ జరిగింది పొరపాటు. నువ్వు క్షమిస్తావని తెలుసు.

గురువారం రెండో చెట్టు చూశాను. అవి తింటున్నాయి. ఒక కొమ్మ సగం శుభ్రమైంది, చిగురు కూడా లేచింది. దాన్ని చూసి ఊరంతా ఫెబా పేరే చెప్తుందని ఓర్వలేకపోయాను. భాస్కరయ్యన్న పంపుషెడ్లో మిగిలిన పురుగుమందు అడిగి తెచ్చాను. బడిగోడ మీద 'విషం లేని పంట' అని సున్నంతో రాసిన చేత్తోనే ఆ చెట్టుకు విషం కొట్టాను. తోలు విడిచి బోసిగా ఉన్నవి ముందు రాలాయి. మైనం ఉన్నవి పొద్దుగూకేదాకా కొట్టుకున్నాయి. అక్కడే నిలబడి చూశాను.

నిన్న ఫెబా వచ్చి రెండు చెట్లూ ఆకు ఆకు తిప్పింది. పుస్తకంలో సున్నా వేసింది. "ఎండలో వదిలినట్టుండా అన్నా. నా తప్పే. ఈ సదువు నాకు సేతకాదు, మానుకుంటా" అంది.

నాయన కసరలేదు. "పోనీలే తల్లీ, మందే కొడదాం" అన్నాడు. నా మాటకు పొయ్యి, దాని మాట తప్పితే పోనీలే. అప్పుడు కూడా, అది ఏడుస్తుంటే కూడా, నాకు కుళ్లే వచ్చిందమ్మా. అందుకే నా మీద నాకు భయమేసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

రేపు పొద్దున నంద్యాల వెళ్లి, ఇంక కాలేజీకి రానని చెప్పి వస్తుందట. నోటితో చెప్పబోతే నేను మళ్లీ దాని మీదే అరుస్తాను, నా సంగతి నాకు తెలుసు. అందుకని ఈ కవరు అంటించడం లేదు. బస్సెక్కేముందు దాని చేతికిచ్చి, "ముందు నువ్వు చదువు, తర్వాత అమ్మకు పోస్టు చెయ్యి" అంటాను. దాని సారు దగ్గరికి నన్ను రమ్మంటే వెళ్తాను. నాయనకు రేపు మధ్యాహ్నం అన్నం దగ్గర చెప్తాను.

ఈ కాగితం నీదాకా వచ్చిందంటే, అది చదివి కూడా చింపలేదన్నమాట. ముందు దానితో మాట్లాడు. నన్ను తర్వాత తిట్టొచ్చు.

ఇట్లు,
చెల్లెలి మీద కుళ్లుకున్న నీ కొడుకు,
తిమోతి