తిరగని మెడ

ఆదివారం రాత్రి, డిగ్నాబాద్

నా కొడుకు అప్పన్న ఈరోజు కుడిచేత్తో అన్నం కలుపుకుని తిన్నాడు! చెన్నైలో మెడ ఆపరేషన్ అయ్యాక ఆ చేతి తిమ్మిరి పూర్తిగా పోయింది. నాకు ఆనందం ఆగలేదు, వాడి వేళ్లన్నీ ముద్దు పెట్టుకున్నాను.

కృత్రిమ డిస్కు వేస్తే మెడ తిరిగేదట. ఎముకలు మరీ అరిగిపోయాయని డాక్టరు వాటిని కలిపి బిగించేశారు.

"నాన్నా, చుక్కాని పట్టుకుని వెనకాల వల చూడాలంటే ఇప్పుడు ఒళ్లంతా తిప్పాలి. నాతోపాటు డోంగీ పడవ కూడా తిరిగిపోద్ది" అన్నాడు.

"నేను నీ పక్కన కూర్చుని చూసి చెప్తాన్రా."

"నీ కళ్లకి నేనే సాఫ్ కనబడను, వలేటి కనబడుద్ది?"

ఇద్దరం పడీపడీ నవ్వాం. ఇంక వాడు వేటకు పోలేడు. చెయ్యి బాగుపడింది కదా, అదే చాలని రాయబోయాను. చాలడం లేదు.