పంతొమ్మిది పెసలు

రేగొండ, మంగళవారం

బాపూ,

ఫోన్లో నీకు సరిగ్గా వినపడదు. ఇది గట్టిగా చెప్పే మాటా కాదు. అందుకే జనగామకు ఉత్తరం రాస్తున్నాను. నేను పెట్టిన తొమ్మిదో తరగతి పరీక్షలో ప్రశ్నపత్రం ముందే బయటపడిందని నా అనుమానం.

ప్రశ్న చిన్నది. క్లోరిన్-37లో ఏ కక్ష్యలో ఎన్ని ఎలక్ట్రాన్లు? క్లోరిన్-35 కంటే దానిలో రెండు న్యూట్రాన్లు ఎక్కువ, అంతే. ఎలక్ట్రాన్లు మారవు: 2, 8, 7. క్లోరైడ్ అయాన్ అయితేనే ఒకటి పెరిగి 2, 8, 8 అవుతుంది. పదకొండు మంది 2, 8, 9 అని రాశారు. అందరూ హాస్టల్ పిల్లలే. తప్పు ఎవరైనా చేస్తారు, పదకొండు మంది ఒకే తప్పు ఎలా చేస్తారు?

ప్రశ్నపత్రం జిరాక్సుకు దీక్షితతో పంపాను. టేకుమట్ల పిల్ల. తండ్రి లేడు, తల్లి మిర్చి ఏరే కూలికి పోతుంది. ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఇవాళ పిలిచి అడిగాను.

"కరెంటు పోయింది మేడం. షాపాయన ఆగుమన్నడు."

"మరి గీ తొమ్మిది ఏడికెళ్లి వచ్చింది?"

"లెక్కవెట్టినం మేడం."

"ఏం లెక్కవెట్టిండ్రు?"

గద్దించేసరికి ఏడ్చింది. తప్పు చేయని పిల్ల ఎందుకు ఏడుస్తుంది? శుక్రవారం ప్రిన్సిపాల్‌కు పేరు రాసివ్వాలి. ఇస్తే హాస్టల్ సీటు పోతుంది. సీటు పోతే ఆ పిల్ల కూడా మిర్చి తోటకే. నువ్వైతే ఏం చేస్తావు?

నీ శోభ


రేగొండ, శుక్రవారం

బాపూ,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను.

నిన్న దీక్షిత నోటుబుక్కు తెప్పించాను. హాస్టల్లో అందరూ చదివేది అదే. పరీక్షకు నెల ముందటి పేజీలో నా పాఠం బొమ్మగా ఉంది. నేను పరమాణువును పళ్లెంలో గింజలతో చూపిస్తాను. మధ్యలో ప్రోటాన్లకు మక్కలు, న్యూట్రాన్లకు కందులు. చుట్టూ ఎలక్ట్రాన్లకు పెసలు. ఆ రోజు కందులు పద్దెనిమిదే తెచ్చాను. క్లోరిన్-37కు రెండు తక్కువైతే రెండు పెసలు మధ్యలో వేశాను. ఇంతలో గంట కొట్టారు. అవి కందులకు బదులని చెప్పకుండానే వచ్చేశాను.

గింజలు ఏరి డబ్బాల్లో పోసింది దీక్షిత. బొమ్మ కింద రాసుకుంది: "పెసలు 19. అంటే 2, 8, 9."

"మొన్ననే చెప్పొద్దా?" అన్నాను.

"వేసింది మీరే గద మేడం. మీరే తప్పు వేసిండ్రని నేనెట్లంట?"

ఈ ఉదయం ప్రిన్సిపాల్‌కు కాగితం ఇచ్చాను. పేరు రాశాను, నాది. తరవాత తరగతికి ఇరవై కందులు పట్టుకుపోయి, లెక్కపెట్టమని దీక్షితకే ఇచ్చాను.

రెండుసార్లు లెక్కపెట్టింది, బాపూ. నన్ను నమ్మలేదు.

నీ శోభ