నా వంతు చోట్లు

బావా,

రాత కోడి కెలికినట్టుంటే నవ్వకు, ఎడంచేత్తో రాస్తున్నాను. నువ్వొక్కడివే వాయించిన జాజ్ పియానో రికార్డు మూడుసార్లు విన్నాను. "మధ్యమధ్యలో ఆ మౌనం విన్నావా? మీ బావ ఎంత లోతుకెళ్లిపోయాడో!" అంటూ అక్క ఫోన్లో మురిసిపోయింది.

లోతూ లేదు, నా మొహమూ లేదు. ఇరవై ఏళ్లు నీ పక్కన నిలబడి బేస్ గిటారు వాయించినవాణ్ణి, నాకు తెలియదా? అవన్నీ నా వంతు వచ్చే చోట్లు. నాకోసం ఖాళీగా వదిలేశావు.

పక్షవాతం వచ్చిన కుడిచెయ్యి ఇక దారికి రాదని డాక్టరు తేల్చేశాడు. నాకూ ఓపిక అయిపోయింది. వచ్చే రికార్డులో ఆ ఖాళీలు నువ్వే నింపెయ్, నాకోసం చూడకు.

ఒక్క మాట. ఐదో పాటలో తొందరపడ్డావు. దుప్పటి మీద ఎడంచేత్తో నా వంతు ఇంకా వాయిస్తూనే ఉన్నాను, అంతలోనే నీ పియానో అందుకుంది.

నీ బావమరిది