వల ఎన్నిచోట్ల విసిరినావు?

హైదరాబాదు, జులై 6

రొయ్యల మహారాణి, ప్రియమైన డెబోరా అక్కకు,

తమరి ఫోను గుంటలో పడి రొయ్యలపాలైనందున, ఈ లేఖాముఖంగా విన్నవించుకుంటున్నాను.

నా పీహెచ్‌డీ గోడు ఇదీ: ప్లాస్టిక్ పొర మీద ఎక్స్‌రే వేస్తే అందులోంచి ఎలక్ట్రాన్లు బయటికి దూకుతాయి. ఎంత శక్తితో దూకాయో ప్రయోగశాలలో కొలిచి గ్రాఫు గీస్తారు. ఆ గ్రాఫు ఎలా వస్తుందో నేను కంప్యూటరులో లెక్కకట్టాలి. కట్టాను. ఏడాది పట్టింది. నా గ్రాఫులో వచ్చింది సూదిలాంటి శిఖరం. ప్రయోగశాల వాళ్ళది బోర్లించిన బానలా ఇంత వెడల్పు దిబ్బ!

"నెలాఖరుకి రెండూ కలవకపోతే ఈ అంశం వదిలెయ్యి ఫ్రెడ్డీ" అన్నారు మా గైడు విజయకుమారి గారు. బాగా ఆలోచించి, తప్పు నాది కాదని తీర్పు ఇచ్చుకున్నాను. యంత్రమే పాడైందని ప్రయోగశాల నడిపే హెన్రీ గారి మీద మూడు పేజీల ఫిర్యాదు రాశాను. పంపడమే తరువాయి. దీవించు.

నీ మేధావి తమ్ముడు,
ఫ్రెడ్డీ

అల్లూరు, జులై 11

ఒరే మేధావీ,

మేత చల్లి వచ్చి నీ జాబు చదివినా. సగం అర్థమయింది. మిగతా సగం నీకూ అర్థమైనట్టు లేదు.

పోయినేడు నేను చేసిన తెలివిమాలిన పని మరిచినావా? రొయ్యల సైజు చూడాలని మేత పడే చోటే వల విసిరినా. ఆడికి పెద్దవే ఎగబడతాయి గదా, అన్నీ ఒకే తీరున పడినాయి. గుంటంతా ఇట్టనే ఉండాదని కొనేదానికి వచ్చిన కామాక్షయ్యకు చెప్పినా. పట్టిన రోజు చూస్తే పెద్దవి, పిల్లవి, నడిమివి, అన్నీ ఉండాయి. "వల అబద్ధం చెప్పదు పాపా, నువ్వు విసిరిందే ఒక్కచోట" అని నవ్వినాడు. ఇప్పుడు మూలమూలకీ పోయి ఇరవై చోట్ల విసురుతా.

నీ కంప్యూటరులో ఎన్నిచోట్ల విసిరినావు అబ్బయా? చెప్పేదాకా ఆ ఫిర్యాదు పంపబాక.

దేవుడు నీకు బుద్ధి ఇచ్చుగాక.
అక్క

హైదరాబాదు, జులై 29

ప్రియమైన గురువు గారు డెబోరా అక్కకు,

ఒక్కచోట.

చక్కగా సాపుచేసిన ఒకే ఒక్క అణువుల గొలుసు మీద. అసలు ప్లాస్టిక్‌లో ఆ గొలుసులు ఉడికిన సేమ్యాలా చిక్కుపడి ఉంటాయి. ఆ చిక్కులో రెండువందల చోట్ల వల విసిరాను. ప్రతిచోటా సూదే పడింది, కానీ ఒక్కోటి కాస్త పక్కకి జరిగి. ఎలక్ట్రాన్‌కి ఇరుగుపొరుగు ఎవరో, ఎటు తిరిగి ఉన్నారో, దాన్నిబట్టి దాని శక్తి మారుతుందన్నమాట. అన్నీ కలిపాను.

దిబ్బ వచ్చింది అక్కా. వాళ్ళ దిబ్బ మీద పెడితే గీతకు గీత! విజయకుమారి గారు కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూసి "అంశం నీదే" అన్నారు. పరిశోధన పత్రం చివర కృతజ్ఞతల్లో నీ పేరు వేశాను. "డెబోరా గారిది ఏ విభాగం?" అని హెన్రీ గారు అడిగితే, మూడో గుంట అన్నాను. ఫిర్యాదు చించేశాను.

ఇక్కడ ఇంకో జోకు వెయ్యాలి. రావడం లేదు. అద్దంలా నున్నగా కనిపించే పొరలో అచ్చం ఒకేలా ఉండే చోట్లు రెండు లేవు. బయటికొచ్చే ప్రతి ఎలక్ట్రానూ తను ఎవరి పక్కన బతికిందో చెప్పిపోతోంది. కోట్లమంది ఒక్కసారిగా చెబుతుంటే, నేను యంత్రం పాడైందనుకున్నాను.

ఆదివారం ఆరాధన వేళకు వస్తాను. అయ్యాక గుంట గట్టు మీద కాసేపు కూర్చోనివ్వు. నీళ్ళు పైకి నున్నగా ఉంటాయి కదా. ఊరికే చూస్తాను.

నోరు మూతపడిన నీ తమ్ముడు,
ఫ్రెడ్డీ